జానీబీ నమ్మని సూది

మా అత్త జానీబీ పరుపును పైన నొక్కి చూసి నమ్మేది కాదు. ప్రొద్దుటూరులో మాది దూదేకుల ఇల్లు. పైన కొత్త దూది పరిచి లోపల పాతది కుక్కేవాళ్లు ఉంటారని, ఎవరు పరుపు తెచ్చినా కుట్టు విప్పి మోచేతి దాకా చెయ్యి పెట్టి చూసేది. పాలనైనా, మాత్రలనైనా, పెళ్లి సంబంధాన్నైనా అట్లాగే చూసేది. పోయిన వానకాలం ఆమె కాలం చేసింది. ఇప్పుడు మా ఇంట్లో ఎవరూ దేన్నీ విప్పి చూడరు.

ఆ అనుమానం ఆమెకు చిన్నప్పుడు జమ్మలమడుగులో పట్టుకుంది. ఒకే పిచ్చికుక్క ఆమెను పిక్క మీద, తమ్ముడు నయీంను చెంప మీద కరిచింది. ఆ రోజుల్లో బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు పొడిచేవాళ్లు. ఇద్దరికీ పొడిచారు. ఆమె బతికింది. నయీం నీళ్ల గ్లాసు చూసి బెదిరిపోతూ చనిపోయాడు. వాడికి మందు వెయ్యకుండా మోసం చేశారని అత్త గట్టిగా అనుకుంది.

నాలుగేళ్ల కిందట నా కూతురు కౌసర్‌ను వీధికుక్క పెదవి పక్కన కరిచింది. సబ్బుతో కడిగి ఆసుపత్రికి పరుగెత్తాం. నర్సు సుధారాణి చేతికి ఒక సూది వేసింది.

"ఇంతేనా? దోమ కుట్టినట్టుంది. బొడ్డు చుట్టూ వెయ్యవా మే?" అంది అత్త.

"అవి ఎప్పుడో పోయినాయి పెద్దమ్మా. ఇప్పుడు చేతికే."

"సీసా చూపీ."

చూపించింది. అత్త దాన్ని వెలుతురుకు పెట్టి తిప్పితిప్పి చూసింది. అంతలో సుధారాణి ఇంకో సీసా తీసి, "ఇది గాయంలోకే వెయ్యాల" అంది. అత్త పాపను లాక్కుని లేచింది.

"పుండులో సూదా? మా బిడ్డల మీద నేర్చుకుంటాండారా మీరు? పాండి, పోదాం."

సుధారాణి సీసా పట్టుకుని వెనకాలే వచ్చింది.

"చేతికేసింది పనిచేసేదానికి దినాలు పడ్తాయి పెద్దమ్మా. మొగానికి మెదడు శానా దగ్గర. అంతవరకు విషాన్ని ఈడనే ఆపేది ఇదే. నన్ను ఎంతైనా తిట్టు, పాపను మాత్రం తీసకపోవద్దు."

అత్త తలుపు దగ్గర ఆగింది. "చెంప మీద కరిచినా పుండులోనే వెయ్యాల్నా?"

"వెయ్యాల."

"బొడ్డు చుట్టూ అన్నీ వేసినాక గూడా?"

"ఒక్కోసారి అవి చాలవు. ఈ గాయం మందు ఆ కాలంలో అందరికీ యాడ దొరికేది?"

అత్త నమ్మిందో లేదో నాకు తెలియదు. వెనక్కి వచ్చి స్టూలు మీద కూర్చుని, కౌసర్ తలను రొమ్ముకు అదుముకుంది.

"కదిలినావంటే తంతా. వెయ్యి మే, నేను చూస్తాంటా."

పాప అరుపులకు నేను మొహం తిప్పుకున్నాను. అత్త తిప్పుకోలేదు.