మాటల్లేని చుట్టాల చేతికి తాళం

అణు కేంద్రం రహస్యాలకు తాళం వెయ్యబోయి నా చదువుకే తాళం వేసుకున్న వైనం చెబుతాను. నవ్వండి, ఫరవాలేదు. ఆ రోజు మా వీధంతా నవ్వింది, మీరొక్కరూ మిగిలిపోతే బాగుండదు.

అప్పట్లో నేను రహస్య సంకేతాల మీద పరిశోధన చేస్తున్నాను. నా పేపరు సారాంశం ఇంతే: అణు కేంద్రం కాగితాలను ఏ అధికారీ ఒంటరిగా తెరవగలగకూడదు. ముగ్గురికి తలో రహస్యమాట ఉండాలి. వాళ్లలో ఏ ఇద్దరైనా పక్కపక్కన కూర్చుని వెంటవెంటనే తమ మాటలు కొడితేనే తెరుచుకోవాలి. ఆ ముగ్గురూ కుమ్మక్కు కాకుండా చట్టం చూసుకోవాలి. "బాగుందమ్మా, మనుషుల మీద పరీక్షించావా?" అన్నారు మా గైడు గారు. అంతే, ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని శ్రీకూర్మం అవతల సముద్రపొడ్డున ఉన్న మా ఊరికి బయల్దేరాను.

కుమ్మక్కు కాని ముగ్గురు ఎక్కడ దొరుకుతారు? మా ఇంట్లోనే! మా పెద్దనాన్నకీ, మా అమ్మ తమ్ముడు మావయ్యకీ మాటల్లేవు. మా అక్క పెళ్లి విందులో మావయ్య విస్తట్లో వంజరం చేప తలకాయ పడలేదు, తోక ముక్క పడింది. మా చేపలవాళ్లలో అది చెంపదెబ్బ కన్నా ఎక్కువ. సర్దిచెప్పబోయి ఇద్దరి చేతా తిట్లు తిన్న మా మేనత్తకి ఆ ఇద్దరితోనూ మాటల్లేవు. ఇంతకన్నా గట్టి భద్రత ఏ సర్కారుకి దొరుకుతుంది చెప్పండి?

ముగ్గురి చేతా తలో మాట పెట్టించి, నాక్కూడా చెప్పకూడదని గంగమ్మ మీద ఒట్టు వేయించుకున్నాను. పరీక్ష నిఖార్సుగా ఉండాలని లోపల నా పేపరే పెట్టాను. బయటున్న కాపీలన్నీ చెరిపేశాను. అవునండీ, అన్నీ.

మర్నాడు సాయంత్రం ఐదింటిలోగా పేపరు పంపకపోతే నా పరిశోధన సీటు పోతుంది. పొద్దున్నే తీరిగ్గా టీ తాగుతుంటే వెలిగింది: తెరవాలంటే వీళ్లలో ఇద్దరు పక్కపక్కన కూర్చోవాలి కదా! టీ గొంతుకి అడ్డం పడింది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను ఇంట్లోనే రచ్చ పెట్టుకున్నాను.

మాట పెట్టేసి రాత్రే కొత్తవలసలో కూతురింటికి వెళ్లిపోయిన అత్తకి ఫోన్ చేశాను.

"మాట గురుతే ఉన్నాది గానీ, ఆలిద్దరి పక్కనా నాను కూకోనే" అని పెట్టేసింది.

పెద్దనాన్న దగ్గరికి పరిగెత్తాను. "ఆడినే వొచ్చి మా గుమ్మం ఎక్కమను" అన్నాడు.

ఎదురింటి మావయ్య దగ్గరికి పరిగెత్తాను. "తోక ముక్క ఏసినోల గుమ్మం నానెక్కుతానేటే గుంటా?" అన్నాడు.

మధ్యాహ్నం దాకా ఆ వీధిని నేను చేసిన తిరుగుడికి మా ఊరి కుక్కలు కూడా విసిగి పడుకున్నాయి. చివరికి వీధి మధ్యన చేపల పెట్టె బోర్లించి దాని మీద ల్యాప్‌టాప్ పెట్టాను. ఇద్దరూ వచ్చారు, వీపులు కలిపి కూర్చున్నారు. మావయ్య తన మాట కొట్టాడు.

"పెద్దనాన్నా, తొందరగా!"

"ఆడు ముందు కొట్టేక నాను ఎనకాల కొట్టాలేటి? పెద్దోణ్ణి కానేటి?"

ఈ ఆలస్యానికి మావయ్య కొట్టింది చెరిగిపోయింది. సరే, ఈసారి పెద్దనాన్న ముందు కొట్టాడు.

"నాది సెరిపేసి ఇప్పుడు నన్నే కొట్టమంతాడేటి? కొట్టను" అన్నాడు మావయ్య.

నాలుగున్నర అయింది. నాకు నిజంగానే ఏడుపొచ్చింది. ఆ వీధి నుంచి అంత చదువుకి వెళ్లింది నేనొక్కదాన్నే, అది తోక ముక్క మీద పోతోందని వెక్కి వెక్కి ఏడ్చాను.

మావయ్య మెల్లిగా వెనక్కి తిరిగాడు. "బావా, గుంట సదువు పోతాది."

పెద్దనాన్న ఉలిక్కిపడ్డాడు. "ఏటన్నావు?"

"బావా అన్నాను."

"మల్లీ అను."

"బావా!"

పెద్దనాన్న తువ్వాలుతో కళ్లు తుడుచుకుని ఒంటివేలితో కొట్టాడు. మావయ్య వెంటనే కొట్టాడు. తెరుచుకుంది! ఐదు కొట్టేలోగా పేపరు పంపేశాను.

ఆ తరవాతే అసలు కొంప మునిగింది. "నానేటి మాట ఎట్టానో తెలుసేటి బామ్మర్దీ?" అని పెద్దనాన్న గట్టిగా అరిచి చెప్పేశాడు. మావయ్య ఇంకా గట్టిగా తనదీ చెప్పాడు. రెండు రహస్యమాటలూ వీధి పిల్లలు పాట కట్టి పాడేశారు. "ఈ ముగ్గురూ ఎన్నటికీ కుమ్మక్కు కారు" అన్నది అప్పుడే నేను పంపిన పేపర్లో మొదటి వాక్యం.

జరిగిందంతా ఫోన్లో విని గైడు గారు చాలాసేపు నవ్వారు. "తగాదాలో ఉంటే నీ తాళం తెరుచుకోదు, రాజీపడితే మూసుకోదు. అణు కేంద్రానికి పనికిరాదమ్మా. మళ్లీ రాయి."

మొహం వేలాడేసుకుని కూర్చుంటే పక్కింటి పైడమ్మ పిన్ని వచ్చింది.

"ఒసే గుంటా, మా కోడలికీ నాకూ మాటల్లేవు. ఆ తాళమేదో మాకూ ఒకటి ఎయ్యవే."

"లోపల ఏటెట్టాలి పిన్నీ?"

"ఏదోటి ఎట్టు. మేం పక్కన కూకోకుండా తెరుసుకోకూడదు, అంతే."

అందుకే గంగమ్మ సాక్షిగా, సకల చట్టాల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో మళ్లీ చుట్టాల చేతికి తాళం ఇవ్వను. పైడమ్మ పిన్నిదీ, ఆవిడ వెనకాల వరసలో నిలబడ్డవాళ్లవీ వేసేశాక.