వేష్టి మీద కనబడిన పెళ్లికొడుకు

మొన్న మా మనవరాలు, బడిలో చేసుకురమ్మన్నారని, చెప్పుల అట్టపెట్టెకు ఒకవైపు సూదితో చిల్లు పొడిచి, రెండోవైపు నూనె రాసిన కాగితం అంటించి, తలమీద దుప్పటి కప్పుకుని, మా తిరువళ్ళూరు వీధిలో ఆటోలన్నీ చక్రాలు పైకి పెట్టుకుని పోతున్నాయని కేరింతలు కొడుతుంటే, నాకు నా పెళ్లిచూపులు గుర్తుకొచ్చి నవ్వాగలేదు. ఇంట్లోవాళ్లకు అర్థం కాలేదు గానీ, తల వంచుకుని పెళ్లి చేసుకున్న నా ఈడు ఆడవాళ్లకు చెబితే తెలుస్తుంది.

మా నాన్నకు బజారులో వేరుశనగ నూనె అంగడి, మా అన్నకు ఫోటోల పిచ్చి. కెమెరా కొనిపెట్టమంటే నాన్న అంగట్లో కూర్చోమన్నారు కాబట్టి, అన్న శనక్కాయల మూటలు పెట్టే వీధిగదినే కెమెరాగా మార్చేశాడు. కిటికీకి అట్ట బిగించి, దానికి సన్నని చిల్లు పెట్టి, గది మధ్యలో నాన్న పల్చటి వేష్టి పంచెను తెరలా కట్టి, మమ్మల్ని దాని వెనక కూర్చోబెట్టి పాఠం చెప్పేవాడు. చిల్లు చిన్నదైతే బొమ్మ తేటగా ఉంటుంది గానీ వెలుగు చాలదు, పెద్దదైతే వెలుగు వస్తుంది గానీ బొమ్మ అలుక్కుపోతుంది, చీకటికి కళ్లు అలవాటు పడేదాకా ఓపిక పట్టాలి, ఫోటో విద్యంతా ఇంతే అనేవాడు. స్వామి ఊరేగింపు కూడా వేష్టి మీద తలకిందులుగా పోయేసరికి మా అవ్వ చెంపలు వేసుకుని, పండగ రోజుల్లో ఆ చిల్లు మూసి తీరాలని ఆజ్ఞ వేసింది.

అంతలో నాకు తిరుత్తణి నుంచి సంబంధం వచ్చింది. సొజ్జీ బజ్జీ పళ్లెం పట్టుకుని తలెత్తకుండా వచ్చి తలెత్తకుండా పోవడమే మర్యాద, మా అక్క అయితే తాళి కట్టేదాకా బావ పాదాలే తప్ప మొహం ఎరగదు. నచ్చకపోతే చెప్పమని నాన్న నాతో అన్నారు, అది ఆయన గొప్పే, కానీ చూడకుండా ఏమని చెప్పేది? అందుకే పట్టుచీర కట్టుకుని ముందే మూటల గదిలో దూరాను. జట్కా వచ్చి ఆగింది. మొహాలు మసకగా ఉన్నాయని తలలో పిన్ను తీసి చిల్లు పెద్దది చేశాను, దాంతో ఉన్న మొహాలు కూడా దోసెపిండిలా పరుచుకున్నాయి. తెలిసిందల్లా, దిగినవాళ్లలో ఇద్దరు మగవాళ్లని, వేష్టి మీద ఎడమపక్క ఉన్న ఒకాయన తల్లికి చెయ్యి అందించి మెల్లగా దింపాడని, రెండో ఆయన ఊరికే నిలబడి చేతిగుడ్డతో మొహం తుడుచుకుంటూనే ఉన్నాడని. చెయ్యి అందించినాయనే పెళ్లికొడుకైతే బాగుండునని దేవుళ్లందరికీ మొక్కుకున్నాను.

ఇంతలో అక్క నన్ను వెతుక్కుంటూ వచ్చి, "యాడుండావే, సీకట్లో మూటలకి కొప్పు జూపిస్తా ఉండావా" అంది.

"గడపలో నిలబడి జూసి రాక్కా. బండికి ఎడమపక్క ఉండేదే మాప్పిళ్ళా అని నాయన్ని అడుగు" అన్నాను.

అక్క పోయి వచ్చి ఆయనే పెళ్లికొడుకు అంది. నేను సరే అన్నాను.

పెళ్లి తిరుత్తణి కొండమీద జరిగింది. దిగివచ్చి ఇంటి ముందు కారు ఆగగానే అత్తగారికి చెయ్యి అందించింది, అప్పటికే ఇద్దరు పిల్లల తండ్రి అయిన ఆవిడ పెద్దకొడుకు, మా పెద్దబావగారు. నాకు తాళి కట్టినాయన పక్కన నిలబడి మొహం తుడుచుకుంటున్నారు. తలకిందులు సంగతి సరిచేసుకున్నాను గానీ, వేష్టి మీద కుడి ఎడమలు కూడా మారతాయన్నది మరిచేపోయాను. మారువడుపుకు, అంటే పెళ్లయ్యాక మొదటిసారి, పుట్టింటికి వచ్చి అన్నను నిలదీస్తే, "నేను జెప్పినానే, నువ్వు గుర్రానికి కాళ్లు పైకుండాయని నవ్వతా ఉంటివి" అన్నాడు.

కొన్నాళ్లు ఆయనతో ముక్తసరిగానే మాట్లాడాను. చివరికి ఉండబట్టలేక, ఆ రోజు అంత చెమటేమిటని అడిగితే, "ముందర ఇద్దరు వొద్దనినారు. నువ్వు గూడా అంటావేమోనని బయం" అన్నారు. నా కోపమంతా అక్కడికక్కడే నీరుగారిపోయింది. చెయ్యి అందించడం మాత్రం ఆయనకు చివరిదాకా రాలేదు.

ఇప్పుడు మా ఇంటి పిల్లలు సంబంధం అనగానే ఫోన్లో బోలెడు ఫోటోలు చూస్తారు, అన్నీ నిటారుగా, తేటగా, ఎవరు ఎవరో పొరబడే వీలే లేకుండా. మొహం మీద చెమటను కూడా ఆ ఫోనే తుడిచేస్తుందట. మంచిదే, నాలాగా ఎవరూ మోసపోరు. నేను మాత్రం, నేను వొద్దంటానేమోనని చెమటలు కక్కిన మనిషిని పెళ్లికి ముందే చూశాను.