మునిరత్నం బండి ఈల

2023 ఎండాకాలం. మదనపల్లెలో పుంగనూరు రోడ్డు మీద మా మెకానిక్ షెడ్డు. నేను అయిదో తరగతితోనే బడికి దండం పెట్టినోణ్ణి. అయినా ఏ బండికి ఏ జబ్బు చేసిందో మాత్రం మరిచిపోను. ఆ పొద్దు మునిరత్నం కారు మలుపు తిరగకముందే నాకు తెలిసిపోయింది. కుక్కర్ కూతకొచ్చే ముందు సన్నగా ఈలేస్తుంది చూడండి, అట్లాంటి సద్దు. వెనకాల నీలం పొగ.

మునిరత్నానిది పుంగనూరు. సొంత కారుతో బెంగుళూరు ఏర్‌పోర్టుకు బాడుగలు తోలతాడు.

"టర్బో మళ్లీ పోయిందా మస్తానన్నా?" అని దిగతానే నన్ను అడిగినాడు.

"పోయినట్టే ఉండాదప్పా."

టర్బో అంటే ఇంజన్ పక్కన నత్తగుల్ల మాదిరి ఉంటుంది. బయటికి పోయే పొగ అందులో ఒక చక్రాన్ని తిప్పుతుంది, అది ఇంకో చక్రాన్ని తిప్పి ఇంజన్‌లోకి గాలి తోస్తుంది. చిన్న ఇంజన్‌కు పెద్ద బలం అట్లా వస్తుంది. ఆ చక్రాల ఇరుసుకు ఆయిలే ప్రాణం. విప్పి చూస్తే ఆయిల్ మాడిపోయి, అడుగంటిన పాలగిన్నె మాదిరి పెచ్చు కట్టింది. ముందు వేసిన టర్బో కూడా ఇట్లే పోయింది. ఆయిల్ మంచిదే, ఫిల్టర్ మంచిదే. ఎందుకు మాడతాందో నాకు అంతు పట్టలేదు.

ఇంకో టర్బో బిగించినాను గానీ మునిరత్నం మనసు విరిగిపోయింది. "దావలో నిలిచిపోయే బండిని ఇంకెవురు పిలుస్తారన్నా? ఈ కంపెనీ నాకు అచ్చిరాలేదు. కుప్పంలో వేరే కంపెనీ కారు అమ్మకానికి ఉండాది. ఇది వదిలించుకోని అది తెచ్చుకుంటా. నువ్వొచ్చి చూడు."

తెల్లారి ఆయన కారులోనే కుప్పం పోయినాము. అమ్మే ఆయన శాంతిపురం పక్క గ్రానైట్ పని చేయిస్తాడు. బానెట్ ఎత్తి, పైనుండే ప్లాస్టిక్ మూత తీసినాను. నాకు నవ్వు ఆగలేదు.

"యాల నవ్వుతాండావన్నా?"

"నీ బండి బానెట్ కూడా ఎత్తు సామీ."

రెండూ పక్కపక్కన చూసినాడు. అవే నాలుగు సిలిండర్లు, అదే టర్బో, అవే పైపులు. ఒకే ఇంజన్‌ను నాలుగైదు కంపెనీలు తీసుకోని ఎవురి పేరు వాళ్లు కొట్టుకున్నారు. ఒక తల్లి బిడ్డలే నాలుగిండ్లకు దత్తు పోయినట్టు.

మునిరత్నం అట్లే అరుగు మీద కూలబడినాడు. "అయితే ఏ బండి కొన్నా ఇంతేనా? తోలడం తప్ప నాకింకేం చేతనవును?"

అమ్మే ఆయనకు బాధేసినట్టుంది. "అట్లనుకోవద్దప్పా. నా బండి టర్బోను ఈ పొద్దు వరకూ విప్పనే లేదు."

ఆ మాట నా తలలో నిలబడిపోయింది. ఇంజన్ ఒకటే, ఒకటి బతికింది, ఒకటి చచ్చింది. అయితే తేడా తోలేవాడి కాడే ఉండాల. తిరుగుదావలో మునిరత్నం చేతులూ కాళ్లే చూస్తా కూర్చున్నాను. తప్పు ఒక్కటీ కనబడలేదు. మధ్యాహ్నం పుంగనూరు చేరి, వాళ్ల వీధి మొగదల తిరిగినామో లేదో, తాళం తిప్పి ఇంజన్ ఆపేసినాడు! దిగుడు వీధిలో కారు సద్దు లేకుండా జారతాంది.

"ఏం పనిరా ఇది? బ్రేకు పట్టదు, స్టీరింగ్ బిగుసుకుంటుంది!"

"మెల్లగన్నా! రెడ్డెమ్మ నిద్రపోతాంటుంది. పాల ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీ చేసొచ్చింది. మాది ఒక్క గది ఇల్లు. ఈ డీజిల్ మోతకు లేస్తుందని ఎప్పుడూ ఈడే ఆపేస్తా."

జబ్బు దొరికింది. దూరం నుంచి వేగంగా వచ్చిన బండిలో టర్బో నిప్పు మాదిరి కాలతా ఉంటుంది. అది చల్లారకముందే ఇంజన్ ఆపితే ఆయిల్ పారడం ఆగుతుంది. ఇరుసు దగ్గర నిలిచిన ఆయిల్ ఆ వేడికి మాడిపోతుంది. ఇంటి ముందర నిలబడి ఇదంతా చెప్తాంటే తలుపు తెరుచుకుంది. ఆయన పెండ్లాం రెడ్డెమ్మ. కండ్లు ఎర్రగా ఉన్నాయి.

"నా నిద్ర కోసమా? ఈయన బండి సద్దు ఇనబడితే కదన్నా నాకు నిద్ర పట్టేది! దొంగ మాదిరి వస్తాడు. వచ్చినాడో, ఏ లారీ కిందన్నా పడినాడో అని చెవులు రిక్కించుకోని పండుకుంటా."

"ఆ మాట ముందే చెప్పకూడదా?"

"నువ్వు అడిగితివా?"

నేను అటు తిరిగి నవ్వుకున్నాను.

కుప్పం కారు కొనలేదు. మునిరత్నం బండికి నేను బిగించిన టర్బో ఈ పొద్దుకీ తిరగతానే ఉంది. అప్పటినుంచి నేను బానెట్ ఎత్తకముందు తోలేవాళ్లను అడగతాను, బండి యాడ ఆపుతావు, ఎట్లా ఆపుతావు, ఇంట్లో ఎవురుండారు అని. ఇదేం మెకానిక్కప్పా అని కొందరు నవ్వుతారు. నవ్వనీ. ఇంజన్లు ఒకే మాదిరివి ఎన్నో ఉంటాయి, ఇండ్లు అట్లుండవు.

మునిరత్నం ఇప్పుడు గుమ్మం ముందర కాసేపు ఇంజన్‌ను తిరగనిచ్చి ఆపుతాడు. తాళం తీసుకోని లోపలికి పోయేలోగా రెడ్డెమ్మ గురక పెడతా ఉంటుందంట.