పదకొండు దాటాక పాప ఎవరి బాధ్యత?

బెంగాలీ ఊళ్లోని ఇందా బజారులో నగరేశ్వరరావు గారి బట్టల కొట్టులో చీరలు చూపించే మనిషి మీనాకుమారి. ఆమె చీర మడత విప్పి భుజాన వేసుకుని నిలబడిందంటే, ఊరికే చూసిపోదామని వచ్చినవాళ్లు కూడా సంచీతోనే దిగేవారు. చిక్కల్లా మూడేళ్ల కూతురు కిరణ్మయి. పిల్లని చూసే అత్తగారు మంచాన పడింది. ఇంటి దగ్గరి తాల్‌బగీచా అంగన్‌వాడీ పదకొండుకల్లా మూసేస్తారు. కొట్టు మూసేసరికి రాత్రి ఎనిమిది.

"సాయంత్రం దాకా ఉంచండి దీదీ," అని అక్కడి టీచరుని బతిమాలింది.

"సర్కారు కిచిడీ పెట్టింది, పాట నేర్పింది. మిగతాది మీ మాలిక్ చూడాలి," అంది దీదీ.

ఆ మాట చెప్పగానే మాలిక్ నగరేశ్వరరావు శెట్టిగారు ఇంతెత్తున లేచారు. "పిల్లల్ని చూడ్డానికి సర్కారుంది. నేను పన్నులు కట్టట్లేదా? సోమవారం నుంచి కొట్టులో పిల్ల కనబడితే, నువ్వూ కనబడక్కర్లేదు!"

సోమవారం పిల్ల కనబడలేదు. వెనకగదిలో, పరదా చాటున, ఏళ్ల తరబడి అమ్ముడుపోని చిలకపచ్చ నేత చీరతో మీనాకుమారి కట్టిన ఉయ్యాలలో నిద్రపోతోంది.

ఆ రోజు ఒకటే వాన. పన్నెండైనా బోణీ లేదు. బోణీ బేరం తప్పిపోతే రోజంతా ఈగలేనని శెట్టిగారి నమ్మకం. చివరికి ఒక బెంగాలీ ఆవిడ వచ్చి, నలభై చీరలు విప్పించి, అన్నిటికీ పెదవి విరిచి, పరదా అంచున కనిపించిన పచ్చరంగు వైపు వేలు చూపింది.

"అది చూపించండి దాదా."

శెట్టిగారు పరదా లాగారు. ఉయ్యాల ఊగుతోంది.

"ఏటి సేయమంటారు బాబూ?" అంది మీనాకుమారి.

ఆయన ఉయ్యాల వైపు చూశారు, బేరం వైపు చూశారు. గబగబా పాపని ఎత్తి భుజాన వేసుకుని, "ముడి విప్పు!" అన్నారు.

"మీ మనవరాలా?" అంది ఆవిడ.

కాదంటే పరాయిపిల్ల పడుకున్న చీర అమ్మినట్టవుతుంది. "అవును, నా మనవరాలే," అన్నారు.

"మనవరాలికే ఇది కట్టారంటే ఎంత మెత్తనో!" అని ఆవిడ మురిసిపోయి, బేరమాడకుండా కొనుక్కుపోయింది.

శెట్టిగారు పాపని దించబోయారు. పాప చొక్కా కాలరు ఇంకా గట్టిగా పట్టుకుంది.

"మరి రేపట్నుంచి నాను రావాలా, మానాలా బాబూ?" అంది మీనాకుమారి.

"ష్... పాప లేస్తుంది!" అని కసిరారు శెట్టిగారు. కాసేపు జోకొట్టి, గొంతు తగ్గించి అడిగారు, "పదకొండు దాకా సర్కారు చూస్తుందన్నావు కదూ? ఆదివారాలు కూడానా, లేక పొద్దుట్నుంచీ నా వంతేనా?"