రోడ్డు మీద కణాల పాఠం

కణం అన్న మాట వింటే నాకు పుస్తకంలోని బొమ్మ గుర్తుకు రాదు, ఒళ్ళు మండుతుంది. మా జీవశాస్త్రం సార్ ఆ పాఠాన్ని మాకు జనగామలో నడిరోడ్డు మీద చెప్పారు. పాఠం ముగియకముందే ఆయన కంటి మీద లాఠీ పడింది.

తెలంగాణ కోసం సమ్మె నడుస్తున్న రోజులవి. బడికి తాళం పడింది, సార్లూ సమ్మెలోనే ఉన్నారు. నేను పదో తరగతి. ఆ రోజు హైదరాబాద్ రోడ్డు మీద వంటావార్పు పెట్టారు. బస్సులు కదలకుండా రోడ్డు మధ్యలో పొయ్యిలు పెట్టి, అక్కడే వండుకుని, అక్కడే తినడం. మా అమ్మ, మా వాడకట్టు ఆడవాళ్ళు ఉల్లిగడ్డలు కోస్తున్నారు. సార్ బడిలోని సూక్ష్మదర్శినిని గోనెసంచిలో చుట్టి తెచ్చి, బోర్లించిన గంప మీద నిలబెట్టారు.

"సమ్మె బడికే, సదువుకు కాదు" అన్నారు మమ్మల్ని పిలిచి.

ఉల్లిగడ్డ లోపలి పలచటి పొర ఒలిచి, అయోడిన్ చుక్క వేసి చూపించారు. ఇటుకలు పేర్చినట్టు గళ్ళు, గడికొక ముదురు చుక్క.

"ఒక్కో గడి ఒక్కో కణం. తింటది, పెరుగుతది, రెండైతది. ఉల్లిగడ్డయినా, నువ్వయినా, నేనయినా గివే."

మా అమ్మ కూడా వంగి చూసింది. "గింత పొరల గింత సంసారమున్నదా సారూ!" అని నవ్వింది.

ఆ నవ్వు ఆగకముందే పోలీసులు దిగారు. ముందు పొయ్యిల మీద పడ్డారు. ఉడుకుతున్న పప్పు గిన్నెను ఒకడు బూటుతో తన్నాడు. అది అమ్మ పాదాల మీద పొర్లింది. సార్ పరుగెత్తలేదు. సూక్ష్మదర్శినిని కడుపుకు హత్తుకుని, "నేను సార్‌ను, గిది బడిది" అని చెబుతున్నారు. సార్లను కొట్టరని ఆయన నమ్మకం. మొదటి దెబ్బకు తల పగిలింది. రెండోది కంట్లో దిగింది. కిందపడ్డాక కూడా కొట్టారు. నేను ఎగిరి ఆయన్ను కొడుతున్న పోలీసు చేయి కొరికాను. నోట్లోకి రక్తం వచ్చింది, ఉమ్మేసి మళ్ళీ కొరికాను. జుట్టు పట్టి ఈడ్చి పారేశాడు.

వరంగల్ దవాఖానలో సార్ తల కుట్లు మానాయి. అమ్మ పాదాల మీద కొత్త తోలు వచ్చింది. సార్ కంటి కట్టు విప్పే రోజున అమ్మా నేనూ పోయాం. కన్ను తెరుచుకుంది కానీ అందులో చూపు లేదు. నేను ఉండబట్టలేక అడిగేశాను.

"అమ్మ కాళ్ళకు కొత్త కణాలు వచ్చినయి గద సార్. మీ కంటికెందుకు రాలే?"

"చర్మం కణాలు రెండైతనే ఉంటయి బిడ్డా. చూపును మోసే నరాల కణాలు చస్తే మళ్ళ పుట్టవు." విప్పిన కట్టును మడుస్తూ, "రాసుకో, పరీక్షల వస్తది" అన్నారు.

అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. నాకు ఏడుపు రాలేదు. ఆ పోలీసు చేతిని ఎముక తగిలేదాకా ఎందుకు కొరకలేదా అనిపించింది.