మాట్లాడుకోని అన్నదమ్ములు క్లచ్ బాగుచేసిన రోజు

మా చిన్నప్పుడు... తిరువూరులో మా నాన్నా, బాబాయీ మూడేళ్ళు ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు. పొలంలో బావి నీళ్ళ వంతు దగ్గర మొదలైన గొడవ. ఒకే ఇల్లు, రెండు పొయ్యిలు. ఏం చెప్పుకోవాలన్నా మధ్యలో మా నాయనమ్మే.

"వాడి గేదె నా గడ్డివాములో పడిందని చెప్పమ్మా" అనేవాడు నాన్న. ఆ వాడు, అంటే బాబాయి, పక్కనే నిలబడి వేపపుల్ల నములుతూ ఉండేవాడు...

ఇద్దరూ పంచుకోకుండా మిగిలింది గొడవకి ముందు కొన్న పాత కారొక్కటే. డెబ్భైల్లో మా వీధిలో అది గొప్పే. అందుకే ఎవరూ వాటా వదల్లేదు.

ఒక మంగళవారం మధ్యాహ్నం దాని క్లచ్ పోయింది. తెల్లారితే వినగడప వెళ్ళి మా అత్తయ్యని తొలికాన్పుకి తీసుకురావాలి. "బస్సులో పంపం. రేపు దాటితే ఎనిమిదో నెల, ఇక పురుడు మా ఇంట్లోనే" అని ఆవిడ అత్తగారు కబురు పెట్టింది. నాయనమ్మకి ఉన్న ఒక్క కూతురు. పొద్దున్నుంచీ గది కడిగి, నులకమంచం బిగించి పెట్టుకుంది పాపం.

ఊళ్ళో మెకానిక్‌తో నాన్న అప్పటికే తగువు పెట్టుకుని ఉన్నాడు. ఆయన తగువు పడని మనిషి దొరకడమే కష్టం లెండి... దాంతో అన్నదమ్ములే దిగారు.

ఆ కారు క్లచ్ నూనెతో పనిచేసేది. పైపు కారి లోపల గాలి చేరింది, పెడల్ తొక్కితే మెత్తగా నేలకి అంటుకుపోతోంది. నాన్న పైపు బిగించాడు కానీ గాలి తీయాలంటే ఇద్దరు కావాలి. ఒకరు పెడల్ తొక్కి పట్టుకోవాలి. ఇంకొకరు కారు కింద పడుకుని చిన్న నట్టు వదులు చేస్తే నూనెతో పాటు బుడగలు బయటికొస్తాయి. నట్టు మళ్ళీ బిగించాకే కాలు తీయాలి. ముందు తీస్తే గాలి మళ్ళీ లోపలికే.

కింద నాన్న, సీట్లో బాబాయి, పక్కన పీట మీద నాయనమ్మ. బాబాయి కూతురు సుజాతా, నేనూ అరుగు మీద.

"వాణ్ణి తొక్కమనమ్మా."

"తొక్కమంటున్నాడ్రా."

"తొక్కానని చెప్పు."

"తొక్కాడంట..."

"ఇంకా కాలు తీయొద్దను" అని నాన్న అంటే, ఆ మాట నాయనమ్మ నోట్లోంచి వచ్చేలోపే బాబాయి కాలు తీసేసేవాడు. ఐదారుసార్లు ఇదే తంతు. క్లచ్‌లోనూ పోసే బ్రేక్ ఆయిల్ ఇంట్లో ఉన్నది ఒక్క డబ్బా, అదీ అడుగుకి వచ్చింది. పొద్దు వాలిపోతోంది. నాకు ఇద్దరి మీదా ఒళ్ళు మండిపోయింది.

నాయనమ్మ లేచి నిలబడింది.

"మీ ఇద్దరికీ నోళ్ళున్నాయి. అక్కడ నా కూతురు దారి చూస్తోంది. ఇక మీ మాటలు నేను మొయ్యను" అని లోపలికెళ్ళి గడియ పెట్టుకుంది.

నాన్న కాళ్ళు మాత్రమే కారు కింద నుంచి కనబడుతున్నాయి...

"తొక్కరా" అని వినిపించింది.

"తొక్కా."

"కాలు తీశావో విరగ్గొడతా."

"ముందు నువ్వు నట్టు సరిగ్గా తిప్పు."

"బిగించా, వదులు. బావి నీ ఒక్కడి సొత్తనుకున్నావట్రా?"

"తొక్కా. రాత్రిపూట నీళ్ళు నీ మళ్ళోకి తిప్పింది ఎవరో నాకు తెలీదా?"

"పట్టుకో. దొంగవెధవా."

"వదలమంటావా, వద్దా?"

మూడేళ్ళ తిట్లన్నీ ఆ పెడల్ దగ్గరే తిట్టుకున్నారు. ఒక్కసారి కూడా కాలు ముందు లేవలేదు. డబ్బా ఖాళీ అయ్యేసరికి పెడల్ గట్టిపడింది.

మర్నాడు అత్తయ్య వచ్చింది. నాయనమ్మ ఆవిడ్ని పట్టుకుని ఏడ్చింది. అన్నదమ్ములు మాత్రం మళ్ళీ మూగనోము పట్టారు, పాతికేళ్ళు... పోయేదాకా. ఎంత మొండి మనుషులో. ఇప్పటికీ కోపమే నాకు.

ఆ మొండితనం నాకేం తక్కువని... ఆ ఇంటి వాటా దగ్గర సుజాతా, నేనూ మాట్లాడుకోక ఏడేళ్ళు. పండక్కి ఫోన్‌లో దండం బొమ్మ పంపిస్తుంది, నేనూ పంపిస్తాను. పెదవి విప్పి ఒక్క తిట్టు తిట్టుకోం. మమ్మల్ని బయట వదిలేసి తలుపేసుకునే మనిషి ఇప్పుడు లేదు.

మీ ఇళ్ళలో అలా గడియ పెట్టుకున్నవాళ్ళెవరైనా ఉంటే రాయండి... సుజాత కూడా ఇక్కడివన్నీ చదువుతుందని విన్నాను.