పద్నాలుగు పోగులు, పదిహేను పేర్లు

బంట్వారం పిల్ల హన్మమ్మను తాండూరు బండల గనిలో పనిచేసే నర్సప్పకు ఇచ్చి చేసిన ఏడే నిజాం రాజ్యం పోయింది. నెల రోజులు గల్లీలో ఎవరూ పొద్దుగూకాక తలుపు తీయలేదు. ఆ నెలంతా ఊరకే ఇంట్లో కూర్చోలేక నర్సప్ప పెళ్ళానికి ఉలి పట్టడం నేర్పాడు. వాకిట్లో ఒక పగిలిన బండ వేసి, గీత గీసి, "గీత దాటితే దెబ్బ, దాటకుంటే బండ" అని నవ్వేవాడు. పక్కింట్లోనే ఉన్న నర్సప్ప అన్న చంద్రప్పకు అది గిట్టలేదు. ఆడది ఉలి పడితే మగవాడు రొట్టె కొట్టాలా అని గోడ మీదుగా తిట్టాడు. హన్మమ్మ ఆ తిట్లు వింటూనే గీత వెంట ఉలి నడిపింది. ఏడాది తిరిగేసరికి అంచు తీసిన బండను చూసి, ఇది మగవాడు కొట్టిందా ఆడది కొట్టిందా అని చెప్పగలిగినవాడు గనిలో లేడు.

యాభై రెండు వానాకాలంలో బండ జారింది. పొర కింద గడ్డపారలు పెట్టి లేపుతుండగా, లేచిన బండ వెనక్కు వచ్చి నర్సప్ప నడుము మీద పడింది. తలా చేతులూ బయటే ఉన్నాయి. మాట్లాడుతూనే ఉన్నాడు. "జర తొందరగ లేపున్రి, ఊపిరాడ్తలేదు" అని అడిగాడు. ఎనిమిది గడ్డపారలు పడ్డాయి, వాటిలో ఒకటి హన్మమ్మది. బండ మూరెడు లేచేసరికి మాట ఆగిపోయింది. లాగితే సగం మనిషే వచ్చాడు.

దినాలు కాకముందే చంద్రప్ప గోడను వేలితో కొట్టి చూశాడు. అన్నదమ్ముల రెండు గదులకు మధ్య అదొక్కటే గోడ.

"పిల్ల లేదు జెల్ల లేదు. ఒక్కదానికి వేరే పొయ్యి ఎందుకే? మా ఇంట్ల పని చేసుకో, మా ఇంట్ల ఇంత తిను. గోడ తీసేస్త" అన్నాడు.

"నా పొయ్యి నాకుంది బావా. గోడ జోలికి రాకు" అంది హన్మమ్మ.

అప్పటికి అతను ఊరుకున్నాడు. మాఘం దాకా ఆగితే చాలునని అతనికి తెలుసు.

మాఘంలో ఒక ఆదివారం ఆ గల్లీ అంతా కాగ్నా వాగు ఇసుక మీదికి పోతుంది. ఒక్క ఆ గల్లీయే కాదు, తాండూరులో సగం జనం అక్కడే ఉంటారు. వాగు సన్నగా ఒక పక్కన పారుతుంటే, మిగిలినంత మేరా తెల్లటి ఇసుక. పిల్లలు పొర్లుతారు, ఆడవాళ్ళు చెలిమెలు తోడుకొని తేట నీళ్ళు పట్టుకుంటారు, గొంగళ్ళు ఉతికి ఆరేస్తారు. పుట్నాలవాళ్ళు, గాజులవాళ్ళు, ఈతకల్లు కుండలవాళ్ళు బారులు తీరుతారు. వికారాబాద్ నుంచి పొద్దుటి ప్యాసింజర్‌లో చుట్టాలు దిగుతారు. పొద్దంతా ఆట, మాట, తిండి. మధ్యలో నాలుగైదు కొట్లాటలు అయితేనే వాగుకు పోయి వచ్చినట్టు.

గల్లీ అంతా కలిసి గొర్రెలు కోసుకుంటారు. ఆ మాంసాన్ని, కూర అంటారక్కడ, ఇంటికొకటి చొప్పున మోదుగాకుల మీద పదిహేను పోగులు పెడతారు. ఎవరికి ఎక్కువ, ఎవరికి తక్కువ అన్న మాట రాకుండా ఒక పెద్దమనిషి పోగులకు వీపు పెట్టి, వాగు వైపు తిరిగి నిలబడతాడు. కోసినవాడు ఒక పోగు మీద కత్తి ఆనించి "ఇది ఎవరిది?" అంటాడు. వెనక్కు చూడకుండా ఆయన ఒక పేరు చెబుతాడు. చెప్పిన మాట తిరిగిపోదు. ఆఖరి పోగు ఎత్తేదాకా ఆయన వెనక్కు తిరగకూడదు.

కూర ఒక్క పూట తిండే. కానీ వాగు మీద పేరు పిలిచిందే గల్లీలో ఇల్లు. పిలవని ఇంటికి పెళ్ళి పిలుపు రాదు, బావి దగ్గర వంతు రాదు. ఆ ఇల్లు పక్క ఇంట్లో కలిసిపోయినట్టే లెక్క. తమ్ముని పేరు పిలవకపోతే మర్నాడు పొద్దున తను గోడ పడగొట్టినా అడిగేవాడు ఉండడని చంద్రప్పకు తెలుసు. హన్మమ్మకూ తెలుసు.

ఆ ఏడు ఆదివారం పొద్దుటి నుంచే నెత్తురు కళ్ళబడింది. చెలిమె దగ్గర ఇద్దరు ఆడవాళ్ళు వంతు కోసం చెంబులతో కొట్టుకుంటే ఒకామె నొసలు చిట్లింది. చెడుగుడులో వికారాబాద్ వాళ్ళకూ తాండూరు వాళ్ళకూ పడింది. హన్మమ్మ అన్న జంగప్ప, రైల్వే గ్యాంగులో పనిచేసేవాడు, కూతకు పోయి మూతి పగలగొట్టుకొని వచ్చాడు. ఒక పన్ను చేతిలోనే ఉంది.

"చూడు చెల్లె, మీ తాండూరోళ్ళ మర్యాద" అని నవ్వుతూ నెత్తురు ఉమ్మాడు.

"నోరు కడుక్కో అన్నా. జర ఆగు, ఇంక మర్యాద శానా ఉన్నది" అంది హన్మమ్మ. ఆమె కళ్ళు గొర్రెలు కోసే చోటే ఉన్నాయి.

సేడం వైపు గాజుల ముసలామె ఒకతె గంప దించి, "బా తాయీ, బళె హాక్కో" అని కన్నడంలో పిలిచి, గాజులు వేయడానికి హన్మమ్మ చేయి పట్టుకుంది. చంద్రప్ప పెళ్ళాం గోవిందమ్మ అక్కడే పచ్చగాజులు వేయించుకుంటోంది.

"ఆమెకు గాజులెందుకవ్వా? మొగడు బండ కిందికి పాయె" అంది.

"బండ కింద సగమే పోయిండక్కా. సగం నేను తెచ్చుకున్న" అంది హన్మమ్మ. గాజులామె గంప ఎత్తుకొని వెళ్ళిపోయింది.

గొర్రెలు కోసేది మొగులప్ప. మాట తక్కువ మనిషి. మూడు గొర్రెలను వరసగా పండబెట్టి కోస్తుంటే ఇసుక నల్లగా తడిసి, పిల్లలు నడిచినచోటల్లా ఎర్రటి అడుగులు పడ్డాయి. పోగులు పెట్టే వేళకు చంద్రప్ప అతని చెవి దగ్గరికి వంగాడు.

"ఈసారి పద్నాలుగే పెట్టు."

మొగులప్ప తల ఎత్తి హన్మమ్మ వైపు ఒకసారి చూశాడు. పద్నాలుగు ఆకులే పరిచాడు.

హన్మమ్మ ఆకులు లెక్కపెట్టుకుంది. రెండోసారి కూడా లెక్కపెట్టింది. జంగప్ప ఆమె భుజం పట్టుకున్నాడు.

"ఒక్క పోగు కోసం గింత పరేషాన్ ఎందుకే? నాతోని రైలెక్కు. వికారాబాద్‌ల నా ఇల్లు లేదా?"

"నీ ఇల్లు నీ పెండ్లానిదన్నా. నా ఇల్లు గా గోడ ఇవతల ఉన్నది."

వీపు పెట్టి నిలబడింది ఈరయ్య తాత. ముప్పై ఏళ్ళుగా ఆయనే నిలబడుతున్నాడు. గల్లీ మొదటి నుంచి చివరి దాకా ఇళ్ళ వరసలో పేర్లు చెప్పుకుంటూ పోవడం ఆయన అలవాటు. ఆ వరసలో ఆఖరి ఇల్లు చంద్రప్పది, దానికి ముందుది నర్సప్పది. ఈసారి ఒక పేరు వదిలేయాలని చంద్రప్ప ఆయనకూ పొద్దున్నే చెప్పి పెట్టాడు. తాత తల ఊపాడు. తర్వాత కల్లు తాగాడు.

"ఇది ఎవరిది?" అన్నాడు మొగులప్ప.

"వెంకటయ్యది."

వెంకటయ్య ఆకు ఎత్తుకున్నాడు. కత్తి పక్క పోగు మీదికి పోయింది. పేరు మీద పేరు వస్తోంది, ఆకు మీద ఆకు లేస్తోంది. పదమూడు లేచాయి. ఆఖరి పోగు మీద కత్తి ఆనింది. చంద్రప్ప అప్పటికే వంగాడు.

"ఇది ఎవరిది?"

"నర్సప్పది" అన్నాడు తాత. నోరు తన అలవాటున తను పోతూనే ఉంది. "ఇంక చంద్రప్పది."

ఇంకో పోగు లేదు.

ఎవరో కిసుక్కుమన్నారు. "సచ్చినోనికి పోగొచ్చె, బతికినోనికి లేకపాయె!" అని వెనక నుంచి ఒక గొంతు. ఇసుకంతా నవ్వింది.

చంద్రప్ప ముఖం కందగడ్డ అయింది. "ముసలోనికి మతి లేదు. తమ్ముని పోగు నాది కాక ఎవరిది?" అంటూ ఆకు మీద చేయి వేశాడు.

ఆకు అవతలి అంచున ఇంకో చేయి పడింది. "నర్సప్పది అన్నడు తాత. నర్సప్ప ఇంటిదాన్ని నేను."

అతను చెంప మీద కొట్టాడు. చెరువులో బట్ట కొట్టిన చప్పుడు వచ్చింది. హన్మమ్మ వెనక్కు పడలేదు, ముందుకు పడింది. పోగు మీద బోర్లా పడి రెండు చేతులతో కమ్ముకుంది. చంద్రప్ప డొక్కలో తన్నాడు. మళ్ళీ తన్నాడు. గోవిందమ్మ వచ్చి కొప్పు పట్టి గుంజింది. పచ్చగాజులు పగిలి ఇద్దరికీ కోసుకున్నాయి. జంగప్ప అరుచుకుంటూ ఉరికొస్తే నలుగురు అతన్ని ఇసుకలో పడేసి మీద కూర్చున్నారు.

"ఇంటోళ్ళ కొట్లాట! పైఊరోళ్ళు చెయ్యి పెట్టొద్దు!"

"చంపుతున్నడు కదరా దాన్ని!" అని జంగప్ప కింద నుంచి మొత్తుకున్నాడు.

"సస్తే అప్పుడు లేస్తువు తియ్యి!"

చంద్రప్ప ఆమె కుడిచేయి వెనక్కు పట్టి మెలితిప్పాడు. లేవమన్నాడు. లేవలేదు. ఇంకా తిప్పాడు. మోచేయి దగ్గర ఎండుకట్టె విరిగినట్టు చప్పుడైంది. ఆ చప్పుడుకు తనే జంకి, ఏమైందో చూద్దామని అతను ముందుకు వంగాడు. అంతే, హన్మమ్మ తల తిప్పి అతని చెవి పంటితో అందుకుంది.

తర్వాత అరిచింది ఆమె కాదు. అతను గుద్దాడు, ఈడ్చాడు, ఇసుకలో దొర్లాడు. ఆమె వదలలేదు. గోవిందమ్మ గంటె తీసుకొని ఆమె వీపు మీద బాదింది. వదలలేదు. చివరకు చంద్రప్ప తనంతట తనే గుంజుకున్నాడు. చెవి కింది సగం ఆమె నోట్లోనే ఉండిపోయింది. ఆమె దాన్ని ఇసుక మీద ఉమ్మి, మళ్ళీ వెళ్ళి పోగు మీదే పడింది.

అప్పుడు కదిలాడు మొగులప్ప. గొర్రెల నెత్తురు ఆరని కత్తిని ఇద్దరి మధ్య ఇసుకలో పిడి దాకా దించాడు.

"ఇంక ఎవలన్న ముట్టుకుంటే, పదిహేనో పోగు వాని కూరతోని పెడ్త."

ఈరయ్య తాత ఇంకా వాగు వైపే నిలబడి ఉన్నాడు. ఆఖరి పోగు లేవలేదు కదా, తిరగడానికి లేదు. "ఏమైందిరా? ఎవరన్న చెప్పున్రి. గింతసేపు నిలవెట్టి ఏం చేస్తున్నరు?" అన్నాడు. పదిమంది ఒక్కసారే చెప్పారు.

చంద్రప్ప చెవి పట్టుకొని ఏడుపు గొంతుతో అన్నాడు. "తాతా, నువ్వు పిలిచింది నా తమ్ముని పేరు. వాడు నా రక్తం. దీని పేరు పిలిచినవా?"

ఆ మాటకు కొందరు తల ఊపారు కూడా. హన్మమ్మ ఎడమచేతి మీద లేచి కూర్చుంది. నోటి చుట్టూ నెత్తురు, ఇసుక.

"నిజమే తాతా. ఆయన పేరు పిలిస్తే ఏటేట బావ గిట్లనే గుంజుకుంటడు. నాకు ఆయన పేరు మీద వద్దు. నా పేరు పిలువు."

"వాగు మీద ఆడిదాని పేరు ఎన్నడన్న పిలిచినమా?" అని వెంకటయ్య గునిశాడు.

"ఆడిది చెవి కొరుకుడు మాత్రం ఎన్నడన్న చూసినవా?" అంది గుంపులోంచి ఒక ముసలామె. ఈసారి నవ్వు ఆడవాళ్ళ వైపు నుంచి వచ్చింది.

"మొగులీ, మళ్ళ అడుగు" అన్నాడు తాత.

మొగులప్ప కత్తి పీకి, చెదిరిన కూర మీద ఆనించాడు. "ఇది ఎవరిది?"

తాత ఎదురు ప్రశ్న వేశాడు. "నర్సప్ప అని పిలిచిన. పిలిస్తే పలికిందెవరు?"

"హన్మమ్మ" అన్నాడు మొగులప్ప.

"చెయ్యి ఇరిగినంక లేచిందా?"

"లేవలే తాతా."

"నా మాట నేను మార్చలే. పలికినోళ్ళదే పోగు. హన్మమ్మది. ఇంక ఎత్తున్రి, కాళ్ళు పీకుతున్నయి."

జంగప్పను వదిలారు. అతను బండి బద్దలు రెండు విరిచి ఆమె చేతికి కట్టు కట్టాడు. పోదాం పద, వికారాబాద్‌లో చేతులు కట్టే మనిషి ఉన్నాడు, మూడు గంటల రైలు ఉంది అని బతిమాలాడు. ఆమె వినలేదు.

"ఇయ్యాల నా పొయ్యి ఈడ ఎలగకుంటే, రేపు ఆడ ఎలగనియ్యరన్నా."

ఇసుక అంటిన కూరను ఎడమచేత్తోనే చెలిమె నీళ్ళలో నాలుగుసార్లు కడిగింది. మూడు రాళ్ళు పెట్టి, నొప్పికి పళ్ళు కొరుకుతూ మంట వేసింది. చుట్టుపక్కల పొయ్యిల దగ్గర మాటలు మళ్ళీ మొదలయ్యాయి. ఒకామె ఉప్పు తెచ్చిచ్చింది, ఇంకొకామె కారం. పొద్దున నొసలు చిట్లినామె జొన్నరొట్టెలు రెండు పెట్టి పోయింది. బండి నీడలో చెవికి గుడ్డ కట్టుకొని కూర్చున్న చంద్రప్ప దగ్గరికి మొగులప్ప తన కూలి కింద వచ్చిన గొర్రె తలకాయ తీసుకుపోయి పడేశాడు. "వండుకొని తిను. నెత్తురు శానా పోయింది" అన్నాడు.

వికారాబాద్ పోయేసరికి మర్నాడైంది. చేయి వాచి కుండలా ఉంది. కట్టేవాడు కట్టాడు గానీ, ఎముక తన ఇష్టం వచ్చినట్టు అతుక్కుంది. ఆ తర్వాత పదిహేనేళ్ళు హన్మమ్మ సుత్తె ఎడమచేత్తో పట్టి, ఉలిని వంకరచేత్తో ఆనించి బండలు కొట్టింది. దెబ్బ అటూ ఇటూ పోయి వేళ్ళు నలిగేవి. రెండు గోళ్ళు మళ్ళీ రాలేదు. అరవై నాలుగు నాటికి వాగు మీద ఇంకా ఇద్దరు ఆడవాళ్ళ పేర్లు పిలిచేవారు. ఆ ఇద్దరికీ ఎముకలు విరగలేదు.

గోడ అట్లాగే నిలిచింది. మరుసటి మాఘంలో మొగులప్ప ఎవరినీ అడగకుండా పదిహేను ఆకులు పరిచాడు. చంద్రప్ప చెవి కనపడకుండా రుమాలు దిగలాగి కట్టుకొని వరసలో నిలబడ్డాడు. తాత ఇళ్ళ వరసలోనే పేర్లు చెప్పుకుంటూ వచ్చాడు. ఆఖరిది చంద్రప్పది, దానికి ముందుది హన్మమ్మది. ఆమె ఎడమచేత్తో ఆకు మెల్లగా సర్దుకొని, ఎత్తుకొని, పక్కకు జరిగేదాకా అతను ఆగాల్సి వచ్చింది.